మల్టీఫోకల్ లెన్సు వేయించుకున్నాక మళ్లీ చదవడం ఎలా?

శుక్లం ఆపరేషన్ అయింది. కంట్లో దూరమూ దగ్గరా రెండూ చూపే మల్టీఫోకల్ లెన్సు వేశారు. గోడ మీది గడియారం, కిటికీ అవతలి చెట్టు ఆకులు కడిగినట్టు కనిపిస్తున్నాయి. ఆ ఉత్సాహంతో పుస్తకం తెరిస్తే అక్షరాల చుట్టూ నీడలు. లేదంటే పొద్దున బాగానే కనిపించి, సాయంత్రానికి మసకబారుతున్నాయి. "ఇక అద్దాలతో పని లేదన్నారు కదా!" అన్న సందేహం ఇక్కడే మొదలవుతుంది.

ఈ లెన్సుతో చదవడానికి ఒక పద్ధతి ఉంది. ఆపరేషన్‌కు ముందు లెన్సు గురించి బోలెడు చెబుతారు గానీ, ఆ తర్వాత పుస్తకం ఎంత దూరంలో పట్టుకోవాలో, దీపం ఎటు పెట్టుకోవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. ఆ లోటు తీర్చడానికే ఇది. మీ కంటిని పరీక్షించిన డాక్టరు చెప్పిన మాటకూ ఇక్కడి మాటకూ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

మొదటి పని: మీ కంట్లో ఉన్నది ఏ లెన్సో తెలుసుకోండి

ఆపరేషన్ తర్వాత ఇచ్చే లెన్సు కార్డు చాలామంది బిల్లులతో పాటు ఫైల్లో పడేస్తారు. దాన్ని బయటికి తీయండి. అందులో లెన్సు కంపెనీ, మోడల్ పేరు, పవర్ ఉంటాయి. మోడల్ పేరు పట్టుకుని డాక్టరునో, చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టునో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఈ లెన్సుతో దగ్గరి చూపు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర బాగుంటుంది?"

ఆ ప్రశ్న ఎందుకంటే, వయసులో ఉన్న కంటికి దూరం నుంచి దగ్గరికి ఫోకస్ ఏటవాలుగా, ఎక్కడా తెగకుండా జారుతుంది. మల్టీఫోకల్ లెన్సు మెట్ల లాంటిది. ఈ మెట్టు మీద నిలబడవచ్చు, ఆ మెట్టు మీద నిలబడవచ్చు, మధ్యలో నిలబడలేం. లెన్సు మీద చెక్కిన సన్నని వలయాలు కంట్లోకి వచ్చే వెలుతురును పంచి, కొంత దూరపు చూపుకు, కొంత దగ్గరి చూపుకు పంపుతాయి. కంట్లోని లెన్సు కదలదు, ఉబ్బదు. కాబట్టి పుస్తకమే దాని దగ్గరికి రావాలి.

మోటుగా చెప్పుకుంటే మూడు రకాలున్నాయి. బైఫోకల్ రకానికి రెండే మెట్లు: దూరం, దగ్గర. ట్రైఫోకల్‌లో మధ్య దూరం కూడా ఉంటుంది; మోడల్‌ను బట్టి అది 60 నుంచి 80 సెంటీమీటర్లు, అంటే కంప్యూటర్ తెర ఉండే చోటు. మూడోది ఈడాఫ్ రకం. దూరం నుంచి మధ్య దూరం దాకా చూపును సాగదీస్తుంది గానీ, సన్నని అచ్చు చదవడానికి తరచూ చిన్న పవర్ అద్దాలు కావాల్సి వస్తాయి. మీకు వేసింది ఈడాఫ్ అయితే, మందు డబ్బా మీది అక్షరాలు కనిపించడం లేదని బెంగపడనక్కర్లేదు. దాన్ని తయారు చేసింది ఆ పనికి కాదు.

దూరం లెక్క మీరే వేసుకోవచ్చు. లెన్సులో దగ్గరి చూపుకు అదనంగా పెట్టిన పవర్‌ను "యాడ్" అంటారు. లెన్సు కంటి లోపల ఉంటుంది కాబట్టి ఆ యాడ్‌లో సుమారు ఐదింట నాలుగు వంతులే కళ్లద్దాల లెక్కకు వస్తుంది. +4.00 యాడ్ ఉన్న లెన్సు +3.2 కళ్లద్దంతో సమానం, +3.00 యాడ్ ఉన్నది +2.4, +2.5 దరిదాపుల్లో ఉంటుంది. 100ని ఆ పవర్‌తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. +3.2కు 31, +2.5కు 40. పవర్ పెరిగే కొద్దీ పుస్తకం దగ్గరికి రావాలన్నమాట.

బంధువుల సలహాలు ఇక్కడే దారి తప్పిస్తాయి. అమెరికాలో మల్టీఫోకల్ లెన్సుకు తొలిసారి అనుమతి వచ్చింది 1997లో. ఆ తర్వాత చాలాకాలం వాడుకలో ఉన్న వాటిలో +4.00 యాడ్ లెన్సులు ఎక్కువ. అవి వేయించుకున్నవాళ్లు పుస్తకాన్ని బాగా దగ్గరగా పట్టుకునేవారు. అక్కడ ట్రైఫోకల్‌కు మొదటి అనుమతి దొరికింది 2019లోనే. పదిహేనేళ్ల క్రితం ఆపరేషన్ అయిన పెద్దాయన "దగ్గరగా పెట్టుకో, కనిపిస్తుంది" అంటే ఆయన లెన్సుకు అది నిజం. మీ లెన్సుకు కాకపోవచ్చు.

రెండో పని: మొదటి వారాల్లో తీర్పు చెప్పకండి

ఆపరేషన్ రోజు కనుపాపను మందు చుక్కలతో పెద్దది చేస్తారు. అది మామూలు స్థితికి వచ్చేదాకా దగ్గరి చూపు గురించి మాట్లాడటమే అనవసరం. ఆ తర్వాత కొన్ని రోజులు కార్నియాలో (కంటి ముందుండే పారదర్శక పొరలో) కొద్దిపాటి వాపు, కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, ఒక గంట బాగుండి మరో గంటకు మసకబారే చూపు మామూలే. కోత మానుతున్న కొద్దీ పవర్ కూడా కొద్దికొద్దిగా మారుతుంది. అది స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా కొత్త అద్దాలు చేయించుకోవడం డబ్బు దండగ.

చదివితే కన్ను పాడవుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. చదవడం వల్ల కొత్త లెన్సుకు ఏమీ కాదు. కళ్లు అలిసిపోతే ఆపండి, అంతే. చేయకూడనివి వేరే ఉన్నాయి: కన్ను నలపడం, కంట్లో నీళ్లు పడనివ్వడం, "బాగానే ఉంది కదా" అని చుక్కల మందును డాక్టరు చెప్పిన గడువుకు ముందే ఆపేయడం.

ఒక కంటికే ఆపరేషన్ అయి రెండోది ఇంకా కావలసి ఉంటే, ఈ మధ్యకాలంలో చదవడం చికాకుగానే ఉంటుంది. ఒక కన్ను తెల్లటి వెలుగు చూపిస్తుంటే, శుక్లం ఉన్న రెండో కన్ను పసుపు పచ్చని మసక చూపిస్తుంది. ఈ లెన్సులు రెండు కళ్లలోనూ ఉన్నప్పుడే పూర్తిగా పనిచేస్తాయి. ఒక కంటితో వచ్చిన ఫలితాన్ని చూసి పెదవి విరవకండి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చదువు సంగతి పక్కన పెట్టి అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి: పెరుగుతున్న నొప్పి, ఎరుపు, ఉన్నట్టుండి చూపు తగ్గడం, మెరుపులు, గుంపుగా నల్లచుక్కలు, ఒక పక్క నుంచి తెర దిగినట్టు నీడ. కంటి లోపలి ఇన్ఫెక్షన్, కంటి వెనక బొమ్మ పడే పొర అయిన రెటీనా ఊడటం అరుదే. కానీ వాటి విషయంలో ఒక్క రోజు ఆలస్యమైనా చూపు పోవచ్చు.

మూడో పని: మీ చదివే దూరాన్ని టేపుతో కొలవండి

మొత్తం వ్యవహారానికి ఇదే గుండెకాయ. తీరిగ్గా చేయండి.

నలభై దాటాక చత్వారం వచ్చినప్పటి నుంచి మనందరి చేతులకు ఒక అలవాటు పడుతుంది. అక్షరం కనిపించకపోతే కాగితాన్ని దూరం జరుపుతాం. ఏళ్ల తరబడి అది పని చేసింది కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా చేతులు తమంతట తాము చాపుకుపోతాయి. బైఫోకల్ లెన్సు ఉన్నవాళ్లకు ఆ చాచిన చేతి దూరమే, 60 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, చూపు బాగా తగ్గే చోటు. ఇంకా కనిపించడం లేదని ఇంకొంచెం చాపుతారు. సమస్య లెన్సులో లేదు, మోచేతిలో ఉంది.

కుర్చీలో నిటారుగా కూర్చోండి. రెండు కళ్లూ తెరిచి ఉంచండి. పేజీ మీద వెలుతురు బాగా పడాలి. దర్జీ వాడే టేపు తీసుకుని, ఒక కొసను కంటి పక్కన కణత దగ్గర ఎవరినైనా పట్టుకోమనండి. మామూలు అచ్చున్న పుస్తకాన్ని 60 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని, ఒకే మాట మీద చూపు నిలిపి, మెల్లగా దగ్గరికి తీసుకురండి. మసకగా ఉన్న మాట ఒకచోట తేరుకుంటుంది. ఆ అంకె రాసుకోండి. ఇంకా దగ్గరికి తెస్తే నల్లగా, పదునుగా నిలబడుతుంది. అదీ రాసుకోండి. ఇంకా దగ్గరికి వస్తే మళ్లీ చెదురుతుంది. మూడో అంకె అది. మొదటి అంకెకూ మూడో అంకెకూ మధ్య ఉన్నదే మీరు చదవగలిగే చోటు. నడిమి అంకె మీ అసలు దూరం.

ఒకటికి రెండుసార్లు చేయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తర్వాత ఒక కంటిని అరచేతితో మూసి, రెండో కంటితో విడిగా చూడండి. మూయడమంటే అడ్డం పెట్టడమే, నొక్కడం కాదు. రెండు కళ్ల అంకెలూ బాగా వేరుగా వస్తే కాగితం మీద రాసి దాచండి, తర్వాత డాక్టరుకు అక్కరకు వస్తుంది. అంతకుమించి రోజూ కన్ను మూసి, తెరిచి పరీక్షించుకుంటూ కూర్చోకండి. రెండు కళ్లూ కలిసి పనిచేయడం నేర్చుకోవలసిన రోజుల్లో వాటిని విడదీసి తప్పులెంచడం ఎదురు పనే.

రోజూ టేపు పట్టుకుని తిరగలేం కాబట్టి ఒళ్లే కొలతగా పెట్టుకోండి. మోచేతిని పుస్తకం మీద ఆనించి, పిడికిలిని చెంపకు తాకిస్తే పెద్దవాళ్లలో ఆ దూరం సుమారు 35 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. మీ అంకెకు అది ఎంత దగ్గరగా వస్తోందో ఒకసారి చూసుకుంటే చాలు. ఆ తర్వాత పుస్తకం ఎప్పుడు దూరం జారిపోయిందో చేతికే తెలిసిపోతుంది. పడుకుని చదివే అలవాటుంటే కొన్ని వారాలు మానుకోండి. ఆ భంగిమలో దూరం నిమిషానికోసారి మారిపోతుంది.

హ్రస్వదృష్టి ఉన్నవాళ్ల కథ వేరు, వాళ్ల నిరాశా వేరు. మైనస్ 5 పవర్ ఉన్న మనిషి అద్దాలు తీసేస్తే 20 సెంటీమీటర్ల దగ్గర సూదిలో దారం కూడా ఎక్కించగలడు. 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అక్షరంతో పోలిస్తే అక్కడ అదే అక్షరం కంటికి రెట్టింపు పెద్దదిగా కనిపిస్తుంది. ఆపరేషన్‌తో ఆ సహజమైన భూతద్దం పోయింది. దూరపు చూపు వచ్చినందుకు సంతోషం, దగ్గరి చూపు "ఇదివరకటిలా లేదు" అన్న వెలితి రెండూ నిజమే. నన్నడిగితే, ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఇలాంటివాళ్లకు రెండుసార్లు చెప్పాలి. ప్లస్ పవర్ అద్దాలు లేకుండా దూరమూ దగ్గరా ఏదీ చూడలేని వాళ్లే ఈ లెన్సుతో ఎక్కువ తృప్తి పడతారు.

నాలుగో పని: దీపం మార్చండి

ఉన్న వెలుతురును లెన్సు రెండు మూడు వాటాలు వేస్తుందని చెప్పుకున్నాం కదా. పాత తరహా బైఫోకల్ లెన్సుల్లో అయితే దూరానికి 41 శాతం, దగ్గరికి 41 శాతం పోగా, మిగిలింది ఎటూ కాకుండా చెదిరిపోతుంది. కొత్తవి ఈ నష్టాన్ని తగ్గించాయి. అయినా దగ్గరి చూపుకు పూర్తి వెలుతురు ఎప్పుడూ అందదు. అక్షరానికీ కాగితానికీ మధ్య నలుపు తెలుపుల తేడా కొంత పలచబడుతుంది. దీనికి మందు వెలుతురే.

పైకప్పు దీపం చాలదు. గది వెలిగినట్టుంటుంది, పేజీ మీద మాత్రం మీ తల నీడే పడుతుంది. మెడ వంచగలిగే బల్ల దీపం ఒకటి తెచ్చుకుని, భుజం పక్క నుంచి పేజీ మీద పడేలా పెట్టండి. బల్బు మీ కంటికి కనిపించకూడదు. కనిపిస్తే దాని చుట్టూ వచ్చే వలయం అక్షరాలను మింగేస్తుంది. దీపాన్ని ఉన్న దూరంలో సగానికి జరిపితే పేజీ మీద వెలుతురు దాదాపు నాలుగు రెట్లవుతుంది. పెద్ద బల్బు కొనేకన్నా దీపం జరపడం మేలు. కొలిచి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు: చదువుకునే బల్ల మీద 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉండాలన్నది ఆఫీసులకు పెట్టిన ప్రమాణం. అక్కడి నుంచి మొదలుపెట్టి మీకు హాయిగా అనిపించేదాకా పెంచుకోండి.

ఎక్కువ వెలుతురులో కనుపాప చిన్నదవుతుంది. దాంతో ఫోకస్ కాస్త అటూ ఇటూ అయినా కన్ను సర్దుకుంటుంది. పైగా కొన్ని మోడళ్లలో కనుపాప పెద్దదయ్యే కొద్దీ వెలుతురు వాటా దూరపు చూపు వైపు మళ్లేలా వలయాలు చెక్కి ఉంటాయి. రాత్రి ప్రయాణాలకు అది మంచిదే గానీ, మసక వెలుతురులో పుస్తకం పట్టుకుంటే నష్టం. పొద్దున చదివిన పేజీనే సాయంత్రం చదవలేకపోవడానికి కారణం తరచూ ఇదే. దీనికి పూర్తిగా తిరగబడే పాత మోడళ్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటి నడిమి భాగం దూరపు చూపుకు కేటాయించి ఉండటంతో మరీ ఎక్కువ వెలుతురులో దగ్గరి చూపు తగ్గుతుంది. దీపం పెంచితే మీకు చూపు తగ్గుతోందంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాల్సిందే.

నునుపు కాగితం మీద తళుకు పడుతుంటే పుస్తకాన్ని కాస్త వాల్చండి, లేదా దీపాన్ని రెండో పక్కకు మార్చండి.

ఐదో పని: అక్షరాలను మీకు అనుకూలంగా మార్చుకోండి

ఆసుపత్రిలో చేతికిచ్చే అట్ట మీద ఎన్ 6, ఎన్ 8 అని వరుసలుంటాయి. ఆ అంకెలు అచ్చు పరిమాణాన్ని పాయింట్లలో చెబుతాయి. ఎన్ 6 చదివేశారంటే దగ్గరి చూపు బాగున్నట్టే లెక్క. కానీ అక్కడ చదివింది గట్టి నల్ల సిరాతో, తెల్ల అట్ట మీద, మంచి దీపం కింద రెండు వరుసలు. ఇంట్లో చదవాల్సింది బూడిద రంగు కాగితం మీద అరగంట.

తెలుగు అక్షరం విషయంలో ఇంకో చిక్కుంది. అట్ట మీద చాలాసార్లు ఉండేది ఇంగ్లీషు అక్షరాలో అంకెలో. మన లిపిలో అర్థాన్ని మోసేది చాలాచోట్ల అక్షరంలోని అతి చిన్న గీతే. "ద"కు కింద పొట్టి గీత చేరితే "ధ". గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తలపై చిన్న మెలిక. "రాష్ట్రం"లో ష కింద రెండు ఒత్తులు దూరి ఉంటాయి, అవి అసలు అక్షరం కన్నా బాగా చిన్నవి. అందుకే ఇంగ్లీషు చదవడానికి సరిపోయిన పరిమాణం తెలుగుకు చాలకపోవడంలో వింతేమీ లేదు. ఫోనులో తెలుగు కోసం అక్షరాల సైజు ఒకటి రెండు మెట్లు ఎక్కువ పెట్టుకోండి. పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు రోజూ చదివే తెలుగు పత్రికో పుస్తకమో చేతిలో పెట్టుకు వెళ్లండి.

ఫోనులో చేయాల్సినవి మూడు: సైజు పెంచడం, అక్షరాలను మందం చేసే సెట్టింగు పెట్టడం, తెర వెలుతురును చీకటి పడే కొద్దీ దానంతటదే తగ్గనివ్వకపోవడం. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొందరికి హాయి. ఈ లెన్సు ఉన్నవాళ్లలో కొందరికి ఆ తెల్ల అక్షరాల చుట్టూ పొగ కమ్మినట్టు కనిపిస్తుంది. రెండూ చూసి బాగున్నది ఉంచుకోండి.

కంప్యూటర్ సంగతి లెన్సును బట్టి ఉంటుంది. ట్రైఫోకల్, ఈడాఫ్ ఉన్నవాళ్లు తెరను తమ మధ్య దూరానికి జరుపుకుంటే చాలు. బైఫోకల్ ఉన్నవాళ్లు తెరను దగ్గరికి లాక్కోవాలి, లేదా అద్దాలు పెట్టుకోవాలి. ఆ లెక్క చివర్లో చెబుతాను.

ఆరో పని: కంటి తడి చూసుకోండి

నాలుగు పేజీలు చక్కగా చదివి ఐదో పేజీలో మసకబారితే, రెప్ప వేయగానే మళ్లీ తేటపడితే, అది లెన్సు లోపం కాదు. కన్ను పొడిబారుతోంది. శుక్లం ఆపరేషన్‌లో కార్నియా మీద పెట్టే చిన్న కోతలు అక్కడి సన్నని నరాలను కొన్నింటిని తెంచుతాయి. చుక్కల మందులో కలిపే నిల్వ పదార్థాలు కూడా కొంత ఒరిపిడి తెస్తాయి. అందువల్ల కొన్ని నెలలు కన్నీటి పొర నిలకడగా ఉండదు. వెలుతురు కంట్లోకి వెళ్లేటప్పుడు మొదట దాటేది ఆ పొరనే. అది చెదిరితే ఎంత ఖరీదైన లెన్సైనా చేసేదేమీ లేదు.

చదివేటప్పుడు మనం రెప్పలు వేయడం సగం మరిచిపోతాం. పేరా అయిన చోటల్లా రెండుసార్లు నిండుగా, పై రెప్ప కింది రెప్పను తాకేలా మూసి తెరవండి. ఫ్యాను, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలనివ్వకండి. కృత్రిమ కన్నీటి చుక్కలు డాక్టరును అడిగి వాడండి. రోజుకు చాలాసార్లు వేసుకోవాల్సి వస్తే నిల్వ పదార్థం లేనివి అడగండి.

ఏడో పని: మెదడుకు గడువివ్వండి

రెటీనా మీద ఇప్పుడు ఒకేసారి రెండు మూడు బొమ్మలు పడుతున్నాయి, ఒకటి తేటగా, మిగతావి చెదిరి. ఏది పట్టించుకోవాలో ఏది వదిలేయాలో మెదడు నేర్చుకోవాలి. ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల్లో ఇది కుదురుతుంది, కొందరికి ఏడాది దాకా పడుతుంది. రోజూ కాసేపు, రెండు కళ్లతో, మంచి దీపం కింద, కొలిచి పెట్టుకున్న దూరంలో, మొదట పెద్ద అచ్చు, తర్వాత మామూలు అచ్చు చదువుతూ పోవడమే సాధన. ఇంతకు మించిన కంటి కసరత్తులేవీ ఈ లెన్సును సాగదీయలేవు. అలా సాగదీస్తామని అమ్మేవాళ్ల జోలికి వెళ్లకండి.

రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు ఈ లెన్సుకు పుట్టుకతో వచ్చినవే. కాలం గడిచే కొద్దీ వాటి మీద ధ్యాస తగ్గుతుంది. తగ్గేదాకా రాత్రి బండి నడపకండి.

ఎనిమిదో పని: కుదరకపోతే కారణం వెతికించండి

పవర్ స్థిరపడ్డాక కూడా చదవడం కష్టంగానే ఉంటే "అలవాటవుతుందిలే" అన్న ఒక్క మాటతో ఊరుకోవద్దు. అలవాటు కావాల్సిందీ, సరిచేయాల్సిందీ వేరు వేరు. ఎక్కువగా తేలే కారణాలు నాలుగు. పొడి కన్ను ఒకటి, దాని గురించి చెప్పేశాను.

రెండోది మిగిలిపోయిన పవర్. మామూలు లెన్సు ఉన్న కన్ను 0.75 సిలిండర్ పవర్‌ను (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చే పవర్‌ను) పట్టించుకోకపోవచ్చు. మల్టీఫోకల్ ఉన్న కంట్లో అంతపాటి పవర్ కూడా దూరాన్నీ దగ్గరినీ కలిపి చెడగొడుతుంది. ఒక జాగ్రత్త: గడ్డం ఆనించి చూపించే కంప్యూటర్ పరీక్ష ఈ లెన్సు మీది వలయాలతో తికమక పడి లేని పవర్ చూపించవచ్చు. దాని చీటీ మీదే అద్దాలు చేయించుకోకుండా, ఒక్కో అద్దం మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి చూసే పరీక్ష చేయమనండి. మిగిలిన పవర్ మరీ ఇబ్బంది పెడితే కార్నియా మీద లేజర్‌తో సరిచేసే అవకాశం కూడా ఉంటుంది.

మూడోది లెన్సు వెనక పొర. మొదట బాగా చదివి, నెలలో ఏళ్లో గడిచాక మెల్లగా మసకబారితే, లెన్సును పట్టి ఉంచే సంచి వెనక భాగం మందమై ఉండవచ్చు. యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో దానికి రంధ్రం చేస్తారు, కోత ఉండదు. అయితే మొదటి రోజు నుంచీ చూపు నచ్చనివాళ్లు ఈ లేజర్‌కు తొందరపడకూడదు. ఆ పొరకు ఒకసారి రంధ్రం పడ్డాక, లెన్సు మార్చాల్సి వస్తే ఆపరేషన్ బాగా క్లిష్టమవుతుంది. "లెన్సు మార్చే ఆలోచన పూర్తిగా పక్కన పెట్టినట్టేనా?" అని అడిగి తేల్చుకున్నాకే లేజర్‌కు ఒప్పుకోండి. మార్చాల్సిందే అయితే సంచి లెన్సును గట్టిగా పట్టేయకముందు, తొలి నెలల్లో మార్చడం సులువు.

నాలుగోది మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం, వాపు. ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు నడిమి చూపు తగ్గి, తిన్నని వరుసలు వంకరగా కనిపిస్తే రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ అడగండి. మధుమేహం ఉన్నవాళ్లలో దీనికి అవకాశం ఎక్కువ. మందులతో చాలావరకు తగ్గుతుంది, కానీ ముందు కనిపెట్టాలి.

తొమ్మిదో పని: అవసరమైన చోట అద్దాలు పెట్టుకోండి

మల్టీఫోకల్ వేయించుకుని మళ్లీ అద్దాలా అని నామోషీ పడేవాళ్లు ఉన్నారు. సన్నని అచ్చు గంటల తరబడి చదివేవాళ్లకు, మసక వెలుతురులో పనిచేసేవాళ్లకు ఒక చిన్న పవర్ జత పక్కన ఉండటం హాయి. ఇందులో ఓటమి ఏమీ లేదు.

పవర్లు కూడుకుంటే చాలు. మీ లెన్సు దగ్గరి చూపు +2.5తో సమానమైతే, పైన +1.00 అద్దం పెట్టగానే 3.5 అవుతుంది, చదివే చోటు 40 నుంచి సుమారు 29 సెంటీమీటర్లకు వస్తుంది, అక్షరం ఆ మేరకు పెద్దదిగా కనిపిస్తుంది. సూది, దారం పనికీ, పాత మైనస్ కళ్ల భూతద్దం చూపు కావాలనుకునేవాళ్లకూ +2.50 పెడితే 20 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తుంది. బైఫోకల్ ఉన్నవాళ్ల కంప్యూటర్ లెక్క మరో దారిది. +1.50 అద్దం పెట్టుకుంటే లెన్సులోని దూరపు ఫోకస్సే 67 సెంటీమీటర్ల దగ్గరికి దిగివస్తుంది, తెర సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆ అద్దాలతో లేచి నడవకండి, మీటరు దాటాక అంతా మసకే.

పై నుంచి కిందికి పవర్ క్రమంగా మారే ప్రోగ్రెసివ్ అద్దాల అవసరం ఈ లెన్సు ఉన్నవాళ్లకు సాధారణంగా రాదు; లోపల ఉన్న మెట్ల మీద బయట ఇంకో ఏటవాలు కలిపితే గందరగోళమే. ఒకే పవర్ ఉన్న మామూలు జత చాలు. కొనేటప్పుడు మీరు చదివే పుస్తకమే పట్టుకుని, రెండు కళ్లతో, +1.00, +1.25, +1.50 ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. రెండు పవర్లు ఒకేలా అనిపిస్తే తక్కువదే తీసుకోండి. దానితో పుస్తకాన్ని మరీ ముఖం మీదికి తెచ్చుకోనక్కర్లేదు.